దరువు పెంచిన రోజు

నీలం తెర మీద తెల్లటి అంకె నలభై ఒకటి దగ్గర ఆగి ముందుకు కదలనంటోంది. ఓబుళేశు దాన్నే చూస్తున్నాడు, చూస్తుంటే కదలదేమోనని మొహం తిప్పుకుంటున్నాడు, తిప్పుకున్నప్పుడు కదిలిందేమోనని మళ్లీ చూస్తున్నాడు. డిస్కు తనిఖీ నూటికి నలభై ఒక్క వంతు అయింది, మిగిలిన దాంట్లో ఎక్కడో బెల్లం అంగడి నాగసుబ్బయ్య ఉన్నాడు, ఉంటే. పోయిన నెల కూతురి పెళ్లి చేసి, ఈ నెల అంగట్లో గద్దె మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయిన నాగసుబ్బయ్య. ఆయన కూతురు అమూల్య సాయంత్రం పెళ్లి సీడీ కోసం వస్తుంది. వస్తానని నిన్ననే కబురు పెట్టింది, అమ్మ ముద్ద మింగడం లేదని, నాన్న నడుస్తుంటే ఒక్కసారి చూడాలంటోందని. గోడకు తగిలించిన ఫొటోలో మనిషి నడవడు కదా. నడిచేది ఈ డిస్కులోనే, కడప ఎండకు కాలిపోతున్న, పెళ్లి వీడియోలు కలిపే ఈ మిక్సింగ్ గదిలో, మూత తీసి పెట్టిన ఈ పెట్టెలోనే. ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ పెట్టె వైపే తిరిగి ఉంది, ఓబుళేశు చొక్కా మాత్రం పిండుకోవచ్చు.

ఆ పెళ్లి వేరే ఎక్కడా లేదు. క్యాసెట్లు ఉంటాయి కదా అని ఎవరైనా అడగొచ్చు. ఉన్నాయి, ప్రొద్దుటూరులో ఉన్నాయి, ఇంకెవరి పెళ్లినో ఎక్కించుకుంటూ ఉన్నాయి. ముహూర్తాల రోజుల్లో తమ స్టూడియో చేసే పనే అది, క్యాసెట్‌లోది కంప్యూటర్‌లోకి ఎక్కగానే అదే క్యాసెట్ ఇంకో పెళ్లికి పోతుంది, ఒక పెళ్లికూతురి మీద ఇంకో పెళ్లికూతురు, ఒకరి తలంబ్రాల మీద ఇంకొకరి తలంబ్రాలు, అరిగి గీతలు పడేదాకా. ఎప్పుడూ ఏమీ కాలేదు కాబట్టి ఎప్పుడూ ఏమీ కాదనుకున్నారు. పొద్దున తెర మీద బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి మిషన్ బిగుసుకుపోయాక, ఓబుళేశు మొదట చేసిన పని కెమెరా సంచి కోసం వెతకడం. సంచి లేదు, స్టూడియో యజమాని శ్రీనివాసులు తెల్లారకముందే భుజాన వేసుకుని బస్సెక్కాడు. ఫోన్ చేస్తే సన్నాయి మోతలో నుంచి శ్రీనివాసులు గొంతు, ముందు అర్థం కాక, తర్వాత అర్థమై, చివరికి చాలా తేలికగా, మంచి ఉపాయం దొరికినవాడిలా చెప్పాడు.

“కరెంటు పోయి పోయిందని చెప్పప్పా. ఎవురైనా నమ్ముతారు.”

నమ్ముతారు, అందులో అనుమానం లేదు. ఈ రెండేళ్ల కరువులో కడపలో కరెంటు మీద వెయ్యని నింద లేదు, పెళ్లి పత్రికలు ఆలస్యమైనా కరెంటే, బట్టలు ఇస్త్రీ కాకపోయినా కరెంటే. కానీ అదేం చిత్రమో, ఈ రోజు పోలేదు. పోవలసిన వేళ దాటిపోయింది, వీధిలో అందరి ఫ్యాన్లూ తిరుగుతున్నాయి, టీ అంగట్లో రేడియో మోగుతోంది. పోతే బ్యాటరీ పెట్టె మీద కాసేపు నడుస్తుంది, ఆ తర్వాత తనిఖీ మధ్యలో ఆగిపోతే ఉన్నదీ ఊడుతుంది, అందుకే పోకూడదని మొక్కుకుంటున్నాడు. పోతే బాగుండు, అబద్ధం నిజమైపోతుంది అని కూడా లోపల ఎక్కడో ఒక మూల మొక్కుకుంటున్నాడు. రెండు మొక్కులూ ఒకే దేవుడికి పెట్టాడు, ఆయన ఏం చేస్తాడు పాపం. అంకె నలభై రెండయింది. లేచి కిటికీ దాకా పోయాడు, వచ్చాడు, కాలు కాలిన పిల్లిలా ఆ నాలుగడుగుల గదిలోనే తిరిగాడు, మళ్లీ కూర్చున్నాడు.

అసలు కంప్యూటర్‌లో పాత మదర్‌బోర్డు ఉండి ఉంటే. దాని మీద కూర్చుని లెక్కలన్నీ చేసే ఈ ప్రాసెసర్ తనదే, కర్నూలులో కంప్యూటర్ల అంగట్లో పని నేర్చుకునే రోజుల్లో సొంతంగా కొనుక్కున్నది. దాని నెత్తిన ఆవగింజలో సగం కూడా లేని బంగారు చుక్కలు జతలుజతలుగా ఉంటాయి, జతలో రెంటి మధ్య గీత తెంచి పంపుతారు, అది ఇన్ని అడుగులే వెయ్యాలి, ఇంతకంటే వెయ్యకూడదు అని దానికి వేసిన బంధం. మెత్తని పెన్సిల్ ములుకుతో ఆ చుక్కల మధ్య గీత గీస్తే బంధం ఊడుతుంది. పక్క జతకు తగలకుండా గియ్యాలి, ఊపిరి పీల్చినా చెయ్యి వణుకుతుంది. ఆ రోజు అంగట్లో అందరూ చుట్టూ మూగి నిలబడితే, ఓబుళేశు పంటి కింద నాలుక పెట్టుకుని, పెళ్లికూతురికి బుగ్గచుక్క పెట్టినంత మెల్లగా గీతలు గీశాడు. మిషన్ లేచింది, పరిగెత్తింది, ఆ పూట ఊరంతా తనదే అనిపించింది. అదంతా తన చేతి గొప్ప అనుకున్నాడు. కిందున్న బోర్డు గొప్ప అని ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినే వయసు కాదు. బంధం ఊడినంత మాత్రాన ప్రాసెసర్ తనంతట తాను ఎక్కువ అడుగులు వెయ్యదు. కరెంటు తగిలి కళ్లు తెరిచే క్షణంలో బోర్డు దానికి ఒక అంకె చెప్పాలి, తను కొట్టే ఒక్కో దెబ్బకు ఇన్ని అని, అది విని అన్ని వేస్తుంది. ఆ అంకె పేరే మల్టిప్లయర్. పాత బోర్డులో ఆ అంకె మార్చుకునే వీలు ఉంది, పది ఉన్నచోట పన్నెండు పెట్టుకున్నాడు, ఇంతకాలం దాని మీదే పెళ్లి వీడియోలు కలిపాడు. ఈ ఎండాకాలం ఆ బోర్డు మీద కరెంటును పట్టి ఉంచే కెపాసిటర్లు ఉబ్బి, తలలు చిట్లి, గోధుమరంగు జిగురు కార్చి ఒక్కొక్కటే చచ్చిపోయాయి.

కర్నూలుకు పోయి కొత్త బోర్డు తెచ్చింది తనే. అంగడివాడు అదే సాకెట్, నీ ప్రాసెసర్ కూర్చుంటుంది అన్నాడు, కూర్చుంది కూడా. మల్టిప్లయర్ మార్చుకోనిస్తుందా అనే ఒక్క మాట అడగలేదు. ఎదురుగా ఎవరు కనపడినా పట్టుకుని దాని గురించి ఉపన్యాసం ఇచ్చే మనిషి, అడగవలసిన చోట నోరు మూసుకుని, ముహూర్తాలు మీద పడుతున్నాయని ఎగిరి బస్సెక్కి, డబ్బా ఒళ్లో పెట్టుకుని, నంద్యాల దాటాక నిద్ర కూడా పోయాడు. తెచ్చి బిగించి, సెట్టింగుల పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు, రెండోసారి తిప్పాడు, మల్టిప్లయర్ అనే వరుసే లేదు. పెన్సిల్ గీతలు అలాగే ఉన్నాయి, ప్రాసెసర్ సిద్ధంగానే ఉంది, ఎక్కువ అంకె చెప్పే నోరు ఆ బోర్డుకు పెట్టలేదు. మార్చుకోవడానికి ఉన్నది ఒకే ఒక్కటి, బోర్డు కొట్టే దరువు.

దరువు అనగానే పత్తికొండ పక్కన తమ పల్లె, చావడి ముందు చెక్కభజన, గురువుగా మేనమామ సోమన్న. చేతుల్లో చెక్కలు, కాళ్లకు గజ్జెలు, మధ్యలో మామ నిలబడి దరువు వేస్తుంటే చుట్టూ వలయంగా తిరగడం. ఒక్కొక్కడికి ఒక్కో అడుగు నేర్పేవాడు మామ. ఒంట్లో సత్తువ ఉన్నవాడికి అదే దరువులో అదనంగా రెండు అడుగులు చెప్పేవాడు, వాడు గిర్రున తిరిగి చెక్క కొట్టి తన చోటికి వచ్చేవాడు, మిగతావాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. కానీ ఒక ఉగాదికి ఎవరో పెద్దమనుషులు చూడ్డానికి వచ్చారని మామ ఉత్సాహపడి దరువే పెంచేశాడు. పెద్దవాళ్లు అందుకున్నారు. వలయం చివర ఉన్న చిన్నవాళ్ల కాళ్లు ఒకదానికొకటి తగులుకున్నాయి, ఓబుళేశు బోర్లా పడ్డాడు, వాడి మీద ఇంకొకడు. పెదవి చిట్లి నోట్లోకి వచ్చిన ఆ నెత్తురు ఉప్పదనం ఇప్పుడు కూడా తగులుతోంది, లేక అది చెమటేమో. మల్టిప్లయర్ అంటే ఉన్న దరువులోనే ఆ సత్తువగలవాడికి రెండడుగులు ఎక్కువ చెప్పడం. దరువు పెంచడమంటే బోర్డు మీద ఉన్న ప్రతి ఒక్కరినీ ఉరికించడం, మెమరీని, కార్డులను, డిస్కుకు పోయే దారిని. డిస్కు ఆ వలయంలో చివరి పిల్లవాడు. ఇదంతా ఓబుళేశుకు తెలుసు. తెలియక చేసి ఉంటే ఇప్పుడు ఇంత మండేది కాదు.

యాభై ఎనిమిది. అంకె ఒక్కసారిగా ఎందుకు దూకిందో తెలియదు, మంచికో చెడ్డకో. తెర మీద వరుసలు వస్తున్నాయి, ఫలానా ముక్కకు తల్లి తెలియడం లేదు, ఫలానా ముక్క తీసేస్తున్నాను అని. తీసేస్తున్నది ఎవరినో. పందిరి గుంజనా, వియ్యపురాలినా, ఆయననా.

ఆయన ఒకసారి ఈ గదికే వచ్చాడు, పెళ్లయిన వారం పది రోజులకు. అప్పుడు కరెంటు లేదు. ఇదే ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, బల్ల మీదున్న ఏదో శుభలేఖ తీసుకుని విసురుకుంటూ, సీడీ ఎప్పుడిస్తావు, పాప అత్తగారింటికి పొయ్యేలోపల ఇంటిల్లిపాదీ కూర్చుని చూడాలనుకుంటున్నాం అన్నాడు. రేపు అన్నాడు ఓబుళేశు. రేపు అనడం అప్పటికే మూడోసారి. కోపం వస్తుందేమోనని, తప్పు తనది కాదని చూపించుకోవడానికి, బోర్డు సంగతి, మల్టిప్లయర్ సంగతి మొదలుపెట్టాడు. కొత్త బోర్డు మీద ఒక పెళ్లి సీడీగా మారడానికి రాత్రంతా పడుతుందని, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి వస్తుందని, పాతదైతే రెండు కోతల మధ్యలో ముగిసేదని. మామూలుగా ఎదుటివాళ్లు ఇక్కడే ఆవలిస్తారు. నాగసుబ్బయ్య ఆవలించలేదు. పెట్టెలోకి వంగి, ఫ్యాను కింద దాక్కున్న ప్రాసెసర్‌ను వెతుక్కుంటూ చూసి అడిగాడు.

“అంటే దానికి శక్తి ఉండాది, కింద ఉన్నోడు పోనీడు. అంతే గదప్పా?” తర్వాత స్టూలు వెనక్కి జరుపుకుని నవ్వాడు. “మా నాయన గద్దె మీద ఉన్నన్నాళ్లూ నాదీ అదే కత.”

ఆ నవ్వుకు ఓబుళేశు మనసు ఆయన మీద నిలిచిపోయింది. ఇంత మంచి మనిషికి రేపు తప్పకుండా ఇవ్వాలి అనుకున్నాడు, అనుకుని ఆ రేపు ఇంకో పెళ్లి పని పట్టాడు, వాళ్లు గట్టిగా అరిచారు కాబట్టి. అరిచేవాళ్ల పని ముందు, నవ్వేవాళ్ల పని తర్వాత, ఈ లోకంలో ఎవరు మాత్రం దీన్ని తప్పించుకున్నారు. తర్వాత ఒక మధ్యాహ్నం వీధిలో అంగళ్లు టపటపా మూసేస్తుంటే ఏమిటని అడిగితే నాగసుబ్బయ్య పోయాడన్నారు. ఓబుళేశు ఆ ఇంటికి పోలేదు. పోయి మొహం చూసే ధైర్యం లేకపోయింది. ఆయన చూడకుండానే పోయాడు, కూతురి పెళ్లిని ఆయన అసలు ఎక్కడ చూశాడు, వంటవాళ్ల వెనక, నీళ్ల ట్యాంకరు వెనక, అలిగిన బంధువుల వెనక తిరగడమే సరిపోయింది. తీరిగ్గా కూర్చుని చూసుకుందామనుకున్నాడు. చూసుకోనివ్వనిది తను.

నిన్న అమూల్య కబురు వచ్చాక ఇక కూర్చోలేకపోయాడు. రేపు అనే మాట ఈసారి నోట్లోంచి రాకూడదనుకున్నాడు. సెట్టింగుల్లోకి పోయి దరువు పెంచాడు, నూరు ఉన్నదాన్ని నూట పదిహేడు చేశాడు, దెబ్బకు పది అడుగులే అయినా పాత వేగానికి దగ్గరగా వస్తుంది. కర్నూలులో పని నేర్పిన మనిషి మాట చెవిలో మోగింది, ఇట్లాంటి బోర్డులో దరువు పెంచితే డిస్కు మీద ఆశ వదులుకో అని. వినపడనట్టే ఉన్నాడు. వేరే డిస్కులోకి పెళ్లిని ఎత్తి పెట్టుకుందామంటే ఉన్న పాత డిస్కులో చోటు లేదు, తెప్పిద్దామంటే మళ్లీ రేపు. మిషన్ లేచింది, కదం తొక్కింది, ఓబుళేశు ఎప్పటిలాగే ఈల వేశాడు. ఆ ఈల గుర్తొస్తే ఇప్పుడు చెంప పగలగొట్టుకోవాలనిపిస్తోంది.

ఆయన ఎక్కడెక్కడ కనపడతాడో ఓబుళేశుకు కంఠతా వచ్చు, ఎందుకంటే అవన్నీ తీసెయ్యాలని గుర్తు పెట్టుకున్న చోట్లే. పెళ్లి వీడియోలో ఆడపిల్ల తండ్రి ఎప్పుడూ తెర అంచునే ఉంటాడు. కెమెరాకు అడ్డంగా అరటి గెల మోసుకుపోతూ ఒకచోట. పెళ్లికూతురి మొహం మీద లైటు సర్దుతుంటే మధ్యలోకి వచ్చి ఎవరినో చెయ్యూపి పిలుస్తూ ఒకచోట. కాళ్లు కడిగేటప్పుడు వంగిన వీపు, బట్టతల మీద మెరిసిన చెమట. అప్పగింతల వేళ కండువా మొహానికి అడ్డం పెట్టుకుని స్తంభం వెనక్కి పోవడం, శ్రీనివాసులు కెమెరాతో వెంటపడితే ఇంకో స్తంభం వెనక్కి పోవడం. మిక్సింగ్ అంటే ఇట్లాంటివన్నీ ఏరి పారేసి మిగిలినదాని మీద పూలు రాల్చడమే. పారెయ్యాలనుకున్న ఆ ముక్కల కోసం ఇప్పుడు ప్రాణం పోతోంది.

తొంభై. తొంభై నాలుగు. కుండ దగ్గరికి పోయాడు, నీళ్లు ముంచి తాగకుండానే తిరిగి వచ్చాడు. నూరు. తెర నల్లబడింది, మిషన్ మళ్లీ మొదలైంది, దరువు పొద్దున్నే మామూలుకు దించేశాడు, ఎప్పుడూ లేనిది ఆ నిదానం వినసొంపుగా ఉంది. పెళ్లి పెట్టుకున్న చోటు తెరిచాడు. చాలా పేర్లు లేవు. ఉన్నవి ఒక్కొక్కటే ఆడించాడు. తలంబ్రాలు ఉన్నాయి, బంధువుల భోజనాలు బ్రహ్మాండంగా ఉన్నాయి, పెరుగన్నం పిసుక్కునే వేళ్లతో సహా. అరటి గెల లేదు. కాళ్లు కడగడం లేదు. అప్పగింతలు తెరుచుకుంది, తెరుచుకోగానే ఓబుళేశు ముందుకు వంగాడు, ఆకుపచ్చ గళ్లు, గులాబీ గళ్లు, ఒక స్తంభం ముక్క, బిగుసుకుపోయిన సగం కండువా, తర్వాత మళ్లీ గళ్లు. ఆ సగం కండువానే చూస్తూ ఉండిపోయాడు. ఏడుపు వచ్చింది, తుడుచుకుందామనుకునేలోపు తలుపు దగ్గర చెప్పులు విడుస్తున్న చప్పుడు.

అమూల్య ఒక్కతే వచ్చింది. నల్లపూసలు కొత్తవి, కళ్లు మాత్రం చాలా పాతబడిపోయాయి. స్టూలు మీద కూర్చోబోయి, ఎందుకో కూర్చోకుండా, అతని మొహం వైపు చూసింది. అర్థమైపోయింది ఆమెకు. తనే అడిగింది.

“కరెంటు పోయిందా అన్నా?”

ఎంత సులువుగా చేతిలో పెట్టింది. తల ఊపితే చాలు, మాట కూడా అక్కర్లేదు. శ్రీనివాసులు నెమ్మదిస్తాడు, వీధి నమ్ముతుంది, ఈ పిల్ల కూడా కరెంటును నాలుగు తిట్టుకుని ఇంటికి పోతుంది. ఓబుళేశు తల ఊపబోయాడు. మెడ దాకా వచ్చింది. ఆమె తండ్రికి కూడా ఇలాగే కరెంటు పేరే చెప్పాడు, రేపు అన్న ప్రతిసారీ.

“కరెంటు కాదమ్మా. నేనే పోగొట్టినా.”

తర్వాత ఆగకుండా చెప్పేశాడు, బోర్డు సంగతి, ప్రమాదమని తెలిసీ దరువు పెంచిన సంగతి, క్యాసెట్ల సంగతి, అర్థమవుతుందో లేదో చూసుకోకుండా.  అమూల్య తిట్టలేదు, అదేదో తిడితే బాగుండేది. అంతా విని, అమ్మకు ఇప్పుడు ఏమని చెప్పాలి అని మాత్రం అడిగింది, అతన్ని కాదు, తెర మీది ఆ సగం కండువాను. బొమ్మ అట్లా బిగుసుకునే ఉంది, చప్పుడు లేదు. చప్పుడు ఎందుకు లేదు అనుకున్నాడు ఓబుళేశు, వెంటనే కుర్చీ ముందుకు లాక్కున్నాడు. చప్పుడు ఇందులో ఉండదు. మిక్సింగ్‌లో మొదట చేసేదే బొమ్మ నుంచి చప్పుడును విడదియ్యడం, సినిమా పాట వెయ్యాలి కదా, పెళ్లిలో మనుషులు మాట్లాడుకున్న మాటలు ఎవరికి కావాలి. విడదీసినదాన్ని, చోటు చాలక, పాత డిస్కులో ఒక మూలకు నెట్టాడు, సీడీ అయ్యాక చెరిపేద్దామని. రాత్రంతా రాతకోతలు జరిగింది పెద్ద డిస్కు మీద. పాతదాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

పాత డిస్కు తెరిచాడు. ఉంది, మొత్తం ఉంది. ఆడించాడు. తెర ఖాళీగా ఉంది, స్పీకర్లోంచి మాత్రం పెళ్లి పొంగుకొచ్చింది, సన్నాయి, గిన్నెల చప్పుడు, ఎవరో పిల్లవాడి ఏడుపు, లైటు ఇటు తిప్పమంటున్న శ్రీనివాసులు. వాటి మధ్య నుంచి, పరుగెత్తి వచ్చి ఆయాసపడుతున్న గొంతు, ఈ గదిలోనే స్టూలు మీద కూర్చుని నవ్విన గొంతు. అమూల్య చెయ్యి నోటికి పోయింది. కాసేపటికి ఆ చెయ్యే బల్ల మీది ఫోన్ అందుకుంది, ఇంటి నంబరు నొక్కింది, అమ్మా నేనే, పెట్టెయ్యొద్దు, విను అంది. రిసీవర్‌ను స్పీకర్ దగ్గర పట్టుకుని, మొదటి నుంచి పెట్టు అన్నట్టు అతని వైపు చూసింది. ఓబుళేశు మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. సన్నాయి, గిన్నెలు, పిల్లవాడి ఏడుపు.

“రాజ్యం, బీగాలు యాడ పెడ్తివి? వంటోళ్లు బెల్లం అడుగుతాండారు.”

తాళంచెవులు ఎక్కడున్నాయో ఆ జవాబు అందులో లేదు, కెమెరా అప్పటికే ఇంకోవైపు తిరిగి ఉంటుంది, మేళం మాత్రమే ఉంది. అప్పుడు రిసీవర్‌లోంచి, చాలా చిన్నగా, ఇల్లు నడుపుకునే ఆడమనిషి పనిలో తల ఎత్తకుండా చెప్పినట్టుగా అమూల్య తల్లి రాజ్యలక్ష్మమ్మ గొంతు వచ్చింది.

“నా కొంగునే ఉండాయి. రాండి, తీస్కోండి.”